సందేశం చేరే దారి: శ్రీముఖలింగం సీమ చరిత్ర నుంచి ఒక పాఠం

దివ్య ఖుర్ఆన్‌లోని 'అర్రహ్మాన్' సూరా ప్రారంభ ఆయత్‌లలో దైవం మానవునికి ప్రసాదించిన అనుగ్రహాల ప్రస్తావన ఉంది. మానవ సృష్టిని పేర్కొన్న వెంటనే, అతనికి 'బయాన్' నేర్పిన విషయం అందులో వస్తుంది. ఈ పదానికి వ్యాఖ్యాతలు వాక్కు అని, వివరించే శక్తి అని, మనసులోని భావాన్ని ఎదుటివారికి తేటతెల్లం చేసే నేర్పు అని పలు అర్థాలు చెప్పారు. ఈ అర్థాలన్నిటిలోనూ ఒక సామాన్యాంశం కనిపిస్తుంది. బయాన్ అంటే కేవలం నోరు కదపటం కాదు. చెప్పినది ఎదుటివానికి విశదం కావాలి. విశదం కానిది ధ్వని మాత్రమే అవుతుంది గాని బయాన్ కాదు.

ఈ విషయాన్ని ఆధునిక కాలంలో 'భావప్రసారం' అనే పేరుతో ఒక ప్రత్యేక శాస్త్రంగా అధ్యయనం చేస్తున్నారు. అమెరికా పండితుడు హెరాల్డ్ లాస్‌వెల్ 1948లో దీన్ని ఐదు ప్రశ్నలుగా విడదీశాడు: ఎవరు చెబుతున్నారు, ఏమి చెబుతున్నారు, ఏ సాధనం ద్వారా చెబుతున్నారు, ఎవరికి చెబుతున్నారు, దాని ఫలితం ఏమిటి. ఇంచుమించు పదకొండు వందల సంవత్సరాల క్రితమే బస్రా నగరానికి చెందిన అల్ జాహిజ్ తన 'అల్ బయాన్ వత్తబ్‌యీన్' గ్రంథంలో ఇదే విషయాన్ని మరో కోణం నుంచి చర్చించాడు. భావాన్ని కప్పి ఉంచిన తెరను తొలగించేది ఏదైనా బయానే అని ఆయన అభిప్రాయం. మాట, సంజ్ఞ, వేళ్ళతో వేసే లెక్క, రాత, వస్తువు యొక్క స్థితి అని ఐదు సాధనాలను ఆయన పేర్కొన్నాడు. చెప్పేవాడి లక్ష్యం తెలియజెప్పటం, వినేవాడి లక్ష్యం తెలుసుకోవటం. ఈ రెండూ కలిసినచోటే పని పూర్తి అవుతుందని ఆయన వాదం.

ఈ ఐదు అంశాల్లో మనం తరచు విస్మరించేది నాలుగవదాన్ని, అనగా వినేవాణ్ణి. వక్త పాండిత్యాన్ని ప్రశంసిస్తాం, విషయ గాంభీర్యాన్ని మెచ్చుకుంటాం. విన్నవారు ఇంటికి ఏమి పట్టుకుపోయారని మాత్రం అడగం. ఈ లోపం జాతుల చరిత్రలో ఎంత నష్టం తెచ్చిందో, దాన్ని సరిదిద్దుకున్నచోట ఎంత మేలు జరిగిందో తెలుసుకోవటానికి దూరదేశాలకు పోనవసరం లేదు. ఆంధ్ర దేశపు ఉత్తరపు కొసన, వంశధార నది ఒడ్డున ఉన్న శ్రీముఖలింగం పరిసరాల చరిత్ర చాలు.

రాతి మీది రెండు భాషలు

నేటి శ్రీకాకుళం జిల్లా జలుమూరు మండలంలోని శ్రీముఖలింగం ఒకనాడు తూర్పు గాంగ రాజుల రాజధాని కళింగనగరం. 1078లో పట్టాభిషిక్తుడైన అనంతవర్మ చోడగంగ దేవుడు తన రాజ్యాన్ని ఉత్తరానికి విస్తరించి కటకానికి రాజధానిని మార్చే వరకు ఈ నగరం వైభవంతో వెలిగింది. ఇక్కడి మధుకేశ్వర, సోమేశ్వర, భీమేశ్వర ఆలయాలు ప్రసిద్ధమైనవి. ఆలయాల రాళ్ళ మీద చెక్కిన శాసనాలు చరిత్రకారులకు పెన్నిధి.

ఆ శాసనాల్లో సంస్కృత శ్లోకాలూ, తెలుగు వచనమూ రెండూ కనిపిస్తాయి. రాజుల కీర్తి, వంశ ప్రశస్తి దేశమంతటా పండితులు చదివే సంస్కృతంలో సాగుతుంది. దీపానికి ఎవరు ఎంత ఇచ్చారు, దాన్ని నడిపే బాధ్యత ఎవరిది వంటి వ్యవహారం వచ్చేసరికి తెలుగు అవసరమయింది. కారణం స్పష్టమే. కీర్తి అర్థం కాకపోతే పెద్ద నష్టం లేదు. బాధ్యత అర్థం కాకపోతే దీపం ఆరిపోతుంది. అమలు కావలసిన మాటను అమలు చేయవలసినవాని భాషలో చెప్పాలనే ఎరుక ఆనాటి పాలకులకు ఉంది.

సర్కారు దస్తావేజులు

తరువాతి కాలంలో ఈ ప్రాంతం గోల్కొండ కుతుబ్‌షాహీల ఏలుబడిలోకి వచ్చింది. శ్రీకాకుళం ఒక సర్కారుకు ముఖ్యపట్టణమై, ఫౌజ్‌దార్లకు నివాసమయింది. పదిహేడవ శతాబ్దంలో ఫౌజ్‌దార్ షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు ఆ కాలానికి సాక్షిగా నేటికీ ఆ పట్టణంలో నిలిచి ఉంది.

కుతుబ్‌షాహీల పాలనా భాష ఫార్సీ. అయినా వారు జారీ చేసిన ఫర్మానాల్లో ఫార్సీ పాఠంతోపాటు తెలుగు పాఠం కూడా ఉన్నవి లభిస్తున్నాయి. గ్రామంలోని కరణానికి, రైతుకు ఫార్సీ రాదు. హుకుం ఎంత గొప్పదైనా, దాన్ని అందుకునేవానికి అర్థం కానప్పుడు అది కాగితమే. 1550 నుంచి 1580 వరకు పాలించిన ఇబ్రాహీం కుతుబ్‌షా తెలుగు కవులను ఆదరించాడు. తెలుగువారు ఆయనను 'మల్కిభరాము'డని ప్రేమగా పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తన 'తపతీ సంవరణోపాఖ్యానా'న్ని ఆయనకే అంకితం చేశాడు. పొన్నెగంటి తెలగన అచ్చతెలుగులో రచించిన 'యయాతి చరిత్ర' పటాన్‌చెరువు ప్రాంతపు అధికారి అమీన్‌ఖాన్‌కు అంకితమయింది. తెలుగు భాషకూ ముస్లిములకూ సంబంధం నేటిది కాదని చెప్పటానికి ఈ నిదర్శనాలు చాలు.

ఈ రాకపోకల ఫలితంగా పాలకుల మాటలు ప్రజల నోటికి వచ్చాయి. జమ, ఖర్చు, బాకీ, రసీదు, దస్తావేజు, కౌలు, జిరాయితీ, ఫిర్యాదు, జామీను వంటి మాటలు లేకుండా నేడు ఏ తెలుగు రైతూ తన వ్యవహారం నడపలేడు. అవి అరబ్బీ నుంచి వచ్చాయా, ఫార్సీ నుంచి వచ్చాయా అని అతడు ఆలోచించడు. అతని మట్టుకు అవి తెలుగు మాటలే. భావప్రసారం ఒకే దిక్కుగా సాగదు. ఇచ్చేవాడు పుచ్చుకుంటాడు, పుచ్చుకునేవాడు ఇస్తాడు.

సవరల మాట నేర్చిన ఉపాధ్యాయుడు

ఈ సీమలోనే, శ్రీముఖలింగానికి సమీపాన ఉన్న పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న గిడుగు వెంకట రామమూర్తి జన్మించాడు. తండ్రి వీర్రాజు పర్లాకిమిడి జమీందారీలో 'సముద్దారు', అంటే రెవెన్యూ అధికారి. ఆ ఉద్యోగం పేరు చివర ఉన్న 'దారు' ఫార్సీ ప్రత్యయం. తండ్రి చనిపోగా రామమూర్తి విజయనగరం మహారాజావారి పాఠశాలలో చదివాడు. గురజాడ అప్పారావు అక్కడ ఆయనకు సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు ముప్పై రూపాయల జీతంపై ఉపాధ్యాయుడుగా చేరాడు.

చరిత్ర పాఠం చెప్పే ఆ యువకునికి దగ్గరలోనే ఉన్న శ్రీముఖలింగం శాసనాలను స్వయంగా చదవాలనే పట్టుదల కలిగింది. ప్రాచీన లిపిని నేర్పే గురువులు దొరకలేదు. పుస్తకాల సహాయంతో తనంతట తానే నేర్చుకున్నాడు. కళింగనగరం సముద్రతీరంలోని కళింగపట్నం అని కొందరు పరిశోధకులు భావిస్తుండగా, అది శ్రీముఖలింగమేనని ఆయన ప్రతిపాదించాడు. శకవర్షం 979 నాటి, అనగా 1057 ప్రాంతపు, వజ్రహస్తుని నడగాం తామ్రశాసనాన్ని ఆయన పరిష్కరించగా 'ఎపిగ్రాఫియా ఇండికా' నాలుగవ సంపుటంలో వెలువడింది. ఎనిమిది శతాబ్దాలుగా మూగగా పడి ఉన్న పలకను ఒక పల్లెటూరి ఉపాధ్యాయుడు మాట్లాడించాడు. పంపినవాడు ఎప్పుడో గతించినా, అందుకునేవాడు తగిన శ్రమకు సిద్ధపడితే సందేశం చేరుతుందనటానికి ఇది ఉదాహరణ.

ఆయన చేసిన రెండవ పని ఇంతకన్నా విశేషమైనది. పర్లాకిమిడి చుట్టుపట్ల కొండల్లో సవరలు నివసిస్తారు. వారి భాష తెలుగుకు గాని, ఒరియాకు గాని చెందినది కాదు. అది ముండా కుటుంబానికి చెందినది. ఆ భాషకు అప్పటికి లిపి లేదు. (1936లో మంగై గొమాంగో అనే సవర పెద్ద తమ భాషకు 'సొరాంగ్ సొంపెంగ్' అనే లిపిని కల్పించాడు.) మైదానాల నుంచి వెళ్ళిన వ్యాపారులకు, ఉద్యోగులకు సవరలతో లావాదేవీలు ఉండేవి. భాష తెలియనివారు వ్యవహారంలో ఎంత తేలికగా మోసపోతారో వేరే చెప్పనక్కరలేదు. వారి పిల్లలకు చదువు చెప్పాలంటే వారికి తెలుగు రాదు, చెప్పేవారికి సవర రాదు.

ఈ పరిస్థితిలో లోకం సాధారణంగా ఇచ్చే తీర్పు 'వారికి తెలివి లేదు' అని. రామమూర్తి దీన్ని తలకిందులు చేశాడు. వారికి మన భాష రాకపోవటం వారి లోపమైతే, మనకు వారి భాష రాకపోవటం మన లోపం కాదా అన్నదే ఆయన చేసిన పనిలోని అంతరార్థం. తెలుగు వచ్చిన సవరను ఇంట్లో పెట్టుకుని, అతని నోట ఆ భాషను నేర్చుకున్నాడు. కొండల్లో తిరిగి ధ్వనుల్ని, మాటల్ని, కథల్ని, పాటల్ని సేకరించాడు. సవర భాషలో వాచకాలు రచించి, సొంత ఖర్చుతో బడులు పెట్టించాడు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోగా, దాన్ని సవరల చదువుకే వినియోగించమన్నాడని చెబుతారు. ఆయన సవర భాషా వ్యాకరణం 1931లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడ్డాయి. ఈ కృషి దాదాపు అరవై ఏళ్ళ జీవితానికి సరిపడినది.

దానికి ఆయన చెల్లించిన మూల్యం కూడా తక్కువది కాదు. మన్యంలో తిరగటం వల్ల మలేరియా సోకింది. దానికి వాడిన క్వినైను వల్ల ఆయనకు చెముడు వచ్చి, జీవితాంతం నిలిచిపోయింది. ఇతరుల మాట వినటానికి బయలుదేరిన మనిషి తన వినికిడినే అందుకు ధారపోశాడు.

భాషల, వర్ణాల వైవిధ్యాన్ని దైవ సూచనల్లో ఒకటిగా 'అర్రూమ్' సూరా 22వ ఆయత్ పేర్కొంటుంది. కొండమీది సవర భాష కూడా ఆ సూచనల్లోనిదే. దాన్ని తుచ్ఛంగా చూసేవాడు ఒక సూచనను తృణీకరిస్తున్నాడన్న మాట. ఈ సందర్భంలో అల్ బీరూనీ గుర్తుకు వస్తాడు. ఆయన 1030 ప్రాంతంలో పూర్తిచేసిన 'కితాబుల్ హింద్' తొలి అధ్యాయంలోనే హిందూ దేశాన్ని అర్థం చేసుకోవటానికి అడ్డుపడే కారణాల్లో మొదటిదిగా భాషను పేర్కొన్నాడు. ఒకే వస్తువుకు అనేక పేర్లు ఉండటం, శాస్త్రాలను ఛందస్సులో రాయటం, లేఖకుల అజాగ్రత్త వంటి చిక్కుల్ని వివరించాడు. ఇన్ని చిక్కులున్నా వెనుదీయక సంస్కృతం నేర్చి, సాంఖ్య, పాతంజల గ్రంథాలను అరబ్బీలోకి తెచ్చాడు. ఎదుటివారిని గురించి మాట్లాడబోయే ముందు ఎదుటివారి మాట వినాలనేది గజనీ పండితునికీ, పర్లాకిమిడి ఉపాధ్యాయునికీ ఉమ్మడి సూత్రం.

బడి తెలుగు, ఇంటి తెలుగు

సవరలకు తెలుగు ఎంత దూరమో, తెలుగు పిల్లలకు తెలుగు పుస్తకం కూడా ఇంచుమించు అంతే దూరమని గుర్తించటానికి రామమూర్తికి ఎక్కువ కాలం పట్టలేదు. 1858 నాటి చిన్నయసూరి 'బాలవ్యాకరణం' ఆధారంగా బడి పుస్తకాలన్నీ కావ్యభాషలో సాగేవి. పిల్లవాడు ఇంట్లో 'చేస్తున్నాడు' అంటాడు. బడిలో 'చేయుచున్నాడు' అని రాయాలి. 'పోతాము' అన్నవాడు 'పోయెదము' అనాలి. పలకని అరసున్నలు, వినపడని శకటరేఫలు చూసి చూసి రాయాలి. తప్పుపోతే దెబ్బలు. విషయం మీద పెట్టవలసిన దృష్టి అంతా మాట రూపం మీద ఖర్చయ్యేది.

ఉత్తర జిల్లాల పాఠశాలలకు పరీక్షాధికారిగా ఉన్న జె.ఎ. యేట్స్ అనే ఆంగ్లేయుడు 1907 ప్రాంతంలో ఈ సంగతి గమనించి, మాట్లాడే తెలుగుకూ, చదివే తెలుగుకూ ఇంత భేదం ఎందుకని అడిగాడు. విశాఖపట్నంలోని ఎ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, విజయనగరంలోని గురజాడ, పర్లాకిమిడిలోని గిడుగు ఆ ప్రశ్నను అందుకున్నారు. వ్యావహారిక భాషోద్యమం అలా ఆరంభమయింది.

ప్రతిపక్షం వాదాన్ని కూడా న్యాయంగా చెప్పుకోవాలి. జయంతి రామయ్య పంతులు మొదలైనవారు 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తును స్థాపించి కావ్యభాష పక్షాన నిలిచారు. జిల్లాకొక మాండలికం ఉండగా ఎవరి మాట రాయాలి? అందరినీ కలిపి ఉంచే ప్రాచీన భాషను వదులుకుంటే వెయ్యేళ్ళ సాహిత్యం భావితరాలకు అందకుండా పోదా? ఇవి తేలికగా కొట్టివేయదగిన ప్రశ్నలు కావు. రామమూర్తి సమాధానం కూడా అంతే గట్టిది. తాము కోరేది ఎవరి ఇష్టం వచ్చినట్లు వారు రాయటం కాదు. చదువుకున్నవారు నిత్యం పరస్పరం మాట్లాడుకునే శిష్ట వ్యవహారం, దానికీ కట్టుబాటు ఉంది. ప్రాచీన కావ్యాలు చదవవద్దని కాదు, నేటి విషయాలు నేటి భాషలో రాయాలని. కావ్యభాషే రాయాలనేవారు సైతం దాన్ని తప్పు లేకుండా రాయలేకపోతున్నారని వారి పుస్తకాల నుంచే ఉదాహరణలు ఎత్తి చూపించాడు.

1914లో విశ్వవిద్యాలయ స్థాయిలో ఈ వాదం ఓడిపోయింది. గురజాడ తన అసమ్మతిని విపులమైన పత్రంగా రాసి సమర్పించి, మరుసటి సంవత్సరమే కన్నుమూశాడు. రామమూర్తి వెనుకంజ వేయలేదు. 1919లో 'తెలుగు' అనే పత్రికను స్థాపించి నడిపాడు. ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చాడు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సా రాష్ట్రంలో చేరటంతో రాజమహేంద్రవరానికి తరలిపోయాడు. 1940 జనవరి 22న మరణించే నాటికి కథ, వ్యాసం, పత్రిక చాలావరకు వాడుక భాషకు మళ్ళుతున్నాయి. ఆయన జన్మదినాన్నే నేడు తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నారు. మీరు ఇప్పుడు చదువుతున్న ఈ వాక్యాలు కూడా ఆ పోరాట ఫలమే.

ప్రవక్తల మార్గం

ఈ చరిత్రను ఇస్లామీయ అధ్యయన పత్రికలో ఎందుకు ప్రస్తావించాలని కొందరు పాఠకులు అడగవచ్చు. సమాధానం 'ఇబ్రాహీం' సూరా 4వ ఆయత్‌లో ఉంది. ప్రతి ప్రవక్తనూ దైవం అతని జాతి భాషలోనే సందేశంతో పంపాడనీ, అది వారికి విశదం కావటమే దాని ఉద్దేశమనీ ఆ ఆయత్ భావం. సర్వశక్తిమంతుడైన ప్రభువు తలచుకుంటే మానవులందరికీ ఒకే పవిత్ర భాష నేర్పగలడు. అలా చేయక, సందేశాన్నే ప్రజల భాషలోకి పంపాడు. దిగిరావలసింది చెప్పేవాడని, ఎక్కిరావలసింది వినేవాడు కాదని దీనివల్ల అవగతమవుతుంది.

హజ్రత్ మూసా (అలైహిస్సలాం) ఫిరౌన్ వద్దకు వెళ్ళబోతూ సైన్యాన్ని కోరలేదు. తన నాలుక ముడి విప్పమని, తన మాట వారు గ్రహించాలని వేడుకున్నారు ('తాహా' సూరా). తనకన్నా వాగ్ధాటి గల సోదరుడు హారూన్‌ను తోడుగా అడిగారు ('ఖసస్' సూరా). ప్రవక్త అంతటివారు తన మాటలోని చిక్కును ముందుగా గుర్తించి, దానికి పరిహారం వెదికారు.

దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లమ్) ముఖ్యమైన మాటను బాగా అర్థమయ్యేందుకు మూడుసార్లు చెప్పేవారని హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన హదీసు సహీహ్ బుఖారీలో ఉంది. యూదుల లేఖలను చదివి జవాబు రాయటానికి వారి రాతను నేర్చుకోమని ఆయన హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి)ను ఆజ్ఞాపించగా, ఆయన కొద్ది రోజుల్లోనే నేర్చుకున్నారు. హజ్జతుల్ విదా సందర్భంగా అరఫాత్ మైదానంలో ప్రవక్త (స) పలుకులను రబీఆ బిన్ ఉమయ్యా గొంతెత్తి జనానికి అందించినట్లు ఇబ్ను ఇస్‌హాఖ్ రాసిన సీరత్‌లో కనిపిస్తుంది. ఆ సందర్భంలోనే, హాజరైనవారు హాజరు కానివారికి అందజేయాలని ప్రవక్త (స) ఆదేశించారు. అందుకున్నవారిలో చెప్పినవానికన్నా బాగా గ్రహించేవారు ఉండవచ్చునని కూడా సూచించారు. శ్రోతను ఇంతగా గౌరవించిన బోధ మరొకటి అరుదు. ప్రజలకు వారు గ్రహించగలిగిన రీతిలోనే బోధించాలని, లేకుంటే వారు దైవాన్నీ ప్రవక్తనూ తిరస్కరించే ప్రమాదం ఉందని హజ్రత్ అలీ (రజి) హెచ్చరించారు. అనగా, అర్థం కానట్లు చెప్పినవాడు ఆ తిరస్కారంలో కొంత బాధ్యత వహించవలసి ఉంటుంది.

భావప్రసారానికి మరొక హద్దు కూడా ఉంది. దుర్మార్గుడెవరైనా ఒక వార్త తెస్తే నిర్ధారించుకోవాలని 'హుజురాత్' సూరా 6వ ఆయత్ నిర్దేశిస్తుంది. మాట సులభంగా చేరటం ఎంత ముఖ్యమో, చేరే మాట నిజమై ఉండటం అంతకన్నా ముఖ్యం. చేతిలోని ఫోనుతో క్షణంలో వేలమందికి వార్త పంపగల ఈ రోజుల్లో ఈ ఆదేశం విలువ మరింత పెరిగింది.

అనువాదకుల బాట

బగ్దాదులో అబ్బాసీల కాలంలో గ్రీకు గ్రంథాలు అరబ్బీలోకి వచ్చినప్పుడు రెండు పద్ధతులు ఉండేవని పద్నాలుగవ శతాబ్దపు రచయిత సఫదీ వివరించాడు. ఒకటి, మాటకు మాట పెట్టటం. రెండవది, వాక్యం మొత్తం చదివి, దాని భావాన్ని మనసులో నిలుపుకుని, తన భాషలో అదే భావం గల వాక్యం చెప్పటం. 873లో మరణించిన హునైన్ బిన్ ఇస్‌హాఖ్ రెండవ పద్ధతికి ప్రతినిధి. మొదటి పద్ధతి గ్రంథాలు తిరిగి సవరించవలసి వచ్చాయి. హునైన్ పద్ధతి నిలిచింది.

మన దేశంలో ఈ చరిత్రే మరోసారి జరిగింది. ఢిల్లీలో హజ్రత్ షా వలీయుల్లా (1703-1762) దివ్య ఖుర్ఆన్‌ను ఫార్సీలోకి అనువదించగా కొందరి నుంచి తీవ్ర వ్యతిరేకత ఎదురయింది. ఆయన కుమారుల్లో షా రఫీయుద్దీన్ ఉర్దూలో మాటకు మాట అనువాదం చేయగా, షా అబ్దుల్ ఖాదిర్ ఢిల్లీ ప్రజల వాడుక భాషలో 'మూజిహె ఖుర్ఆన్'ను 1790 ప్రాంతంలో పూర్తిచేశారు. ఒకే ఇంట్లోని ఈ ఇద్దరు సోదరులు రెండు పద్ధతులకూ నిదర్శనాలు. తెలుగులో ఖుర్ఆన్ అనువాదాన్ని మొదట ముద్రించినది ఉత్తరాంధ్రలోనే పుట్టిన హిందూ పండితుడు, తరువాత 1937లో 'ఆంధ్ర భాషా చరిత్రము' వెలువరించిన చిలుకూరి నారాయణరావు. అది 1920లలో వెలువడింది. అటుపిమ్మట ముస్లిం విద్వాంసులు పలువురు ఈ పనికి పూనుకున్నారు.

అనువాదం చేసేవారికి ప్రతి పుటలోనూ ఇదే పరీక్ష. 'తఖ్వా'ను 'భయభక్తులు' అంటే కొంత చేరుతుంది, కొంత జారుతుంది. 'సబ్ర్'ను 'సహనం' అంటే ఓర్చుకోవటం తెలుస్తుంది గాని స్థిరంగా నిలవటం తెలియదు. 'దీన్'ను 'మతం' అన్న వెంటనే పూర్తి జీవన విధానం ఒక పూజా విధానంగా కుదించుకుపోతుంది. 'అమానత్'కు మాత్రం మన పల్లెటూళ్ళలో 'అప్పగింత' అనే చక్కని మాట ఉంది. అది వినగానే రైతు కూడా తిరిగి ఒప్పజెప్పవలసిన బాధ్యతను గ్రహిస్తాడు. ఇటువంటి మాటలు నిఘంటువులో కన్నా జనం నోట ఎక్కువగా దొరుకుతాయి. రామమూర్తి మన్యంలో నడిచి వెదికినట్లు, మనం కూడా వీధుల్లో వెదకవలసి ఉంటుంది.

మన ముందున్న కర్తవ్యం

నేడు ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాల్లో తెలుగు బడుల్లో చదివే ముస్లిం పిల్లలు ఎందరో ఉన్నారు. వారిలో చాలామందికి ఇంట్లో పలికే ఉర్దూ రాయటం, చదవటం రాదు. అరబ్బీ అక్షరాలు గుర్తుపట్టి పారాయణం చేస్తారు గాని భావం తెలియదు. వారికి ధర్మం గ్రాంథిక ఉర్దూలో అందుతున్నది. వారి స్థితి రామమూర్తి చూసిన బడి పిల్లవాని స్థితికి భిన్నం కాదు. అర్థం కాని చోట పిల్లవాడు మొదట భయపడతాడు, తరువాత విసుగు చెందుతాడు, చివరకు దూరమవుతాడు. దీన్ని వారి శ్రద్ధాలోపంగా లెక్కకట్టి ఊరుకోవటం సవరలకు తెలివి లేదన్నంత తేలిక.

ఈ మాట అన్నప్పుడు కొందరు పెద్దలు బాధపడతారు. ఉర్దూ మన సంస్కృతికి ఆధారమనీ, తెలుగులో ధర్మాన్ని చెబితే దాని గాంభీర్యం పోతుందనీ, క్రమంగా ఉర్దూ కూడా పోతుందనీ వారి భయం. ఈ భయాన్ని ఎగతాళి చేయరాదు. ఉర్దూను కాపాడుకోవలసిందే, నేర్పవలసిందే. అరబ్బీ మూలం సంగతి చెప్పనే అక్కరలేదు. అనువాదం ఎన్నడూ ఖుర్ఆన్ కాదు, దాని భావానికి ఒక వివరణ మాత్రమే. అయితే పిల్లవాడు ఉర్దూలో పండితుడయ్యేవరకు ధర్మం ఆగి ఉండాలా అన్నదే ప్రశ్న.

ఇక్కడ ఒక చారిత్రక సత్యాన్ని జ్ఞాపకం చేసుకోవాలి. మనం పవిత్రంగా భావించి పలికే 'నమాజు' అరబ్బీ మాట కాదు. అరబ్బీలో అది 'సలాత్'. 'రోజా' అరబ్బీ కాదు, అది 'సౌమ్'. 'ఖుదా', 'పైగంబర్' కూడా ఫార్సీ మాటలే. ఇరాను ప్రజలు ఇస్లాం స్వీకరించినప్పుడు తమకు తెలిసిన మాటల్లో దాన్ని అర్థం చేసుకున్నారు. ఆ అనువాద పదాలే శతాబ్దాల వాడుకతో పవిత్రత సంతరించుకుని మన దాకా వచ్చాయి. వాటివల్ల ఎవరి విశ్వాసమూ తరగలేదు. ఫార్సీకి చెల్లిన ఈ హక్కు తెలుగుకు చెల్లకపోవటానికి శాస్త్రంలో కారణం లేదు, అలవాటులో మాత్రమే ఉంది.

కాబట్టి చేయవలసిన పనులు కొన్ని స్పష్టంగా కనిపిస్తున్నాయి. జుమా ఖుత్బాకు ముందు మన మసీదుల్లో చేసే ప్రసంగాన్ని మనం 'బయాన్' అనే పిలుస్తున్నాం. ఆ పేరుకు న్యాయం జరగాలంటే ఎదురుగా కూర్చున్నవారికి వచ్చిన భాషలో అది సాగాలి. మద్రసాల్లో చదివే విద్యార్థులకు తెలుగు చదవటం, రాయటం, సభలో మాట్లాడటం నేర్పాలి. వారు రేపు ఏ ఊరి ఇమాములైనా, ఆ ఊరి జనంతో మాట్లాడవలసినవారు. చిన్న పిల్లల ధార్మిక వాచకాలు పొట్టి వాక్యాలతో, వారు ఇంట్లో వినే మాటలతో రాయించాలి. రాసిన తరువాత పండితునికి చూపించినట్లే పదేళ్ళ పిల్లవానికి కూడా చదివి వినిపించి, ఏమి అర్థమయిందో అడగాలి. ప్రసంగం ముగిసిన తరువాత ప్రశ్నలకు కొంత సమయం కేటాయించాలి. ప్రశ్న అగౌరవం కాదు. మన మాట ఎంతవరకు చేరిందో కొలిచే కొలబద్ద అదే.

వంశధార ఒడ్డున వెయ్యేళ్ళ క్రితం రాతి మీద రెండు భాషలు చెక్కినవారికీ, ఫర్మానాలకు తెలుగు పాఠం జతచేయించినవారికీ, లిపి లేని సవరల మాటకు వ్యాకరణం రాసినవానికీ మతం ఒకటి కాదు, కాలం ఒకటి కాదు. అయినా వారందరి అనుభవం చెప్పేది ఒకటే. వినేవాణ్ణి గౌరవించినవాని మాటే నిలిచింది. సందేశాన్ని అందజేసే బాధ్యత మన మీద అమానత్‌గా ఉంది. అప్పగింత చేతికి అందినప్పుడే తీరుతుంది గాని, గడప దగ్గర వదిలి వచ్చినంత మాత్రాన తీరదు. మన నాలుకల ముడులు విప్పి, మన మాట మన బిడ్డల హృదయాలకు చేరేటట్లు చేయమని అల్లాహ్‌ను వేడుకుందాం. ఆమీన్.